ఆపాకు వేసిన కుర్చీ

నలభై ఐదు రాగానే ఉద్యోగం మానేస్తానని మొన్న నువ్వు ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే విన్నాను. చాటుగా వినలేదులే, నువ్వే గట్టిగా అన్నావు. ఈ వయసులో నా చెవిన పడే మాటలే తక్కువ. పడిందంటే మాత్రం లోపల కూర్చుంటుంది, పోదు. అందుకే ఇవాళ నిన్ను కూర్చోబెట్టాను. రాయి. నేను తెలుగు పంతులమ్మగా బతికినదాన్ని, కాగితం మీదికి వెళ్లేది కాబట్టి బడి తెలుగులోనే చెప్తాను. మనుషుల మాటలు మాత్రం వాళ్లు అన్నట్టే రాయి. దిద్దావంటే ఊరుకోను.

ఉద్యోగం తొందరగా వదిలించుకోవాలనే కోరిక మీ కంప్యూటర్లతో పుట్టిందని అనుకోకు. మా రోజుల్లో కూడా అదే పాట. నేను తాండూరులో ఆడపిల్లల బడిలో చేరేనాటికి రెండు రాష్ట్రాలు కలిసి ఏడాదో, రెండేళ్లో అయింది. మాది వికారాబాద్. మా నాయన స్టేషన్‌లో పనిచేసేవాడు. వారమంతా తాండూరులో ఒక కన్నడ ముసలమ్మ ఇంట్లో గది తీసుకుని ఉండేదాన్ని. శనివారం బడి విడిచాక పాసింజరు బండెక్కి ఇంటికి పోయేదాన్ని. బడిలో మేం ముగ్గురమే. పెద్ద టీచరమ్మ, ఒక లెక్కల టీచరమ్మ, నేను. గంట కొట్టడానికి, ఊడవడానికి ఒక ఆయా.

మధ్యాహ్నం జొన్నరొట్టె ముందు పెట్టుకోగానే లెక్కల టీచరమ్మ మొదలుపెట్టేది.

"నాకెవరన్న గింత పించను చేతుల పెడితే రేపే పోత. గీ సుద్దపొడి మింగి మింగి నా గొంతు సున్నపుబట్టీ అయింది."

"పోయి ఏం జేస్తవే?" అని పెద్ద టీచరమ్మ అడిగేది.

"పండుకుంట ఆపా. పొద్దెక్కేదాంక పండుకుంట."

"నీ అత్త పండుకోనిస్తదా?"

లెక్కల టీచరమ్మ రొట్టె నములుతూ, "అయితే గీడనే నయం," అనేది.

అందరం నవ్వేవాళ్లం. నాకు కూడా మానెయ్యాలనే ఉండేది, అప్పుడే చేరినా సరే. ఇంటిమీద బెంగ. రైలు కూత వినపడితే చాలు, చేతిలో సుద్దముక్క ఆగిపోయేది. ఆ మాట ఎప్పుడూ అననిది పెద్ద టీచరమ్మ ఒక్కతే. "నన్ను గీ బడిలకెల్లి ఎత్తుకపోవాలె. నా కాళ్ల మీద నేనైతే పోను," అనేది.

నేను చెప్పబోయేది ఆమె గురించే. ఆమెను పిల్లలూ, పిల్లల తల్లులూ, కూరగాయలమ్మేవాళ్లూ, అందరూ ఆపా అనేవాళ్లు. ఆపా అంటే అక్క. మాకు కూడా ఆపానే. అప్పటికి యాభై ఇంకా నిండలేదు. చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లలు లేరు. వికారాబాద్‌లో తమ్ముడొకడు బట్టలు కుట్టేవాడు. నిజాం కాలంలో బడి అంటే ఉర్దూ బడే కదా. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల, కన్నడం మాట్లాడే పిల్ల, అందరూ ఉర్దూలోనే చదవాలి. ఆపా ఆ చదువు చెప్పడానికి వచ్చింది. పాతికేళ్ల పైన అదే బడిలో చెప్పింది. తెలుగు మనకంటే బాగా మాట్లాడేది. కన్నడంలో బేరం చేసేది. చదవడం, రాయడం మాత్రం ఉర్దూ ఒక్కటే.

ఆమె పని చేసే తీరు చెప్తాను, జాగ్రత్తగా రాయి, ఎందుకంటే కథంతా దీని మీదే ఉంది. ఆ రోజుల్లో ఆడపిల్లను బడికి పంపమంటే ఎవరు పంపుతారు? పొద్దున్నే ఆపా బురఖా వేసుకుని వాడల్లోకి బయల్దేరేది. ముందు ముసల్మానుల గల్లీ, తర్వాత కోమట్ల వీధి, ఆ తర్వాత ఊరి చివర నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్ల గుడిసెలు. ఏ ఇంటి ముందూ నిలబడి, నీ బిడ్డను ఎందుకు పంపలేదని అడిగేది కాదు. గడపమీద కూర్చుని, "ఏమే, జర మంచినీళ్లియ్యి," అనేది. నీళ్లు తాగేలోపల ఇల్లంతా కలియజూసేది. గనికి పోయిన తల్లి చంటిదాన్ని పెద్దపిల్ల మీద వదిలి పోయిందనుకో, ఆ చంటిదాన్ని తనే చంకనేసుకునేది. చంకలో ఒకటి, వెనక పది. బడి వరండాలో పాత చీరతో తొట్లె కట్టి ఉండేది. చంటిది అందులో పడుకుంటే, పెద్దది లోపల చదువుకునేది.

నేను చేరిన కొత్తలో అడిగాను. "ఆయాను పంపొచ్చుగద ఆపా, మీకెందుకు గీ తిరుగుడు?"

"ఆయా పోతే పిలుస్తది. నేను పోతే తీస్కొస్త," అంది.

పోలీసు యాక్షన్ నాటికి నేను చిన్నపిల్లని. అప్పటి సంగతి విన్నదే చెప్తున్నాను. బడి మూసేశారు. చాలా ముసల్మాను కుటుంబాలు భయపడి పట్నానికి, అంటే హైదరాబాద్‌కు, వెళ్లిపోయాయి. ఆపాను కూడా తమ్ముడు వచ్చెయ్యమన్నాడట. తిరిగి బడి తెరిచిన పొద్దున ఆమె తలుపు తీసింది గానీ, వీధిలో అడుగు పెట్టడానికి కాళ్లు రాలేదట. నాకు గది ఇచ్చిన కన్నడ ముసలమ్మ అప్పట్లో గట్టి మనిషి. కొంగు నడుముకు దోపుకుని, "బా తంగీ," అంటే రా చెల్లీ అని, ఆమె పక్కన నడిచిందట. ఇద్దరూ వాడలన్నీ తిరిగారు. ఆ రోజు వెళ్లని గడప లేదని ముసలమ్మ నాతో ఎన్నిసార్లు చెప్పిందో. అంత చెడ్డ కాలంలో కూడా పోని ఉద్యోగం ఆపాది. అది ఎట్లా పోయిందో విను.

రాష్ట్రం మారాక చదువు తెలుగులోకి వచ్చింది. మంచిదే, పిల్లకు తన ఇంటి మాటలో చదువు రావాలి. నాకు అన్నం పెట్టింది కూడా ఆ మార్పే. తెలుగు తరగతులు తెరిచారు, నన్ను వేశారు. ఉర్దూ తరగతిలో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే లేచి నా గదిలోకి వచ్చి కూర్చోవడం మొదలైంది. ఆపా తరగతిలో పట్టుమని పది మంది మిగిలారు. మధ్య గోడ ఒకటే కదా, నా పిల్లలు గుణింతాలు గట్టిగా అరిస్తే ఆమె పాఠం ఆగిపోయేది. ఒక్కసారి కూడా మెల్లగా చదవమని కబురు పెట్టలేదు.

తర్వాత పై నుంచి మాట వచ్చింది. పెద్ద టీచర్లకు కూడా తెలుగు చదవడం, రాయడం రావాలి, ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి చూస్తుంది అని. ఆ సాయంత్రం పిల్లలు పోయాక ఆపా నా గదిలోకి వచ్చి కింద కూర్చుంది. కింద అంటే తాండూరు బండల నేల. చల్లగా, నల్లపలకలాగా ఉండేది.

"బిడ్డా, నాకు అక్షరాలు దిద్దియ్యి," అంది.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. "మీకు నేను దిద్దిచ్చుడేంది ఆపా?"

"మరెవరు దిద్దియ్యాలె, మీ లెక్కల టీచరమ్మనా? గామె ఒంట్లు, ఎక్కాలు చెప్పేటప్పుడే పిల్లలను ఉతుకుతది. నన్ను బతకనిస్తదా?"

అట్లా మొదలైంది. ఒక్కో బండ మీద ఒక్కో అక్షరం రాసిపెట్టేదాన్ని, ఆమె దాని మీద దిద్దేది. నవ్వించేది కూడా. "ఏంది బిడ్డా, మీ అక్షరాలన్ని కడుపుతోటి ఉన్నట్టున్నయి," అనేది. తలకట్టు చూపిస్తే, "గీళ్లు గుడ నెత్తిన ముసుగేసుకునేటోళ్లేనా, మావోళ్లే," అనేది. ఒత్తుల దగ్గర మాత్రం చెమటలు పట్టేవి. ఆ ఎండాకాలం దాటేసరికి చిన్న చిన్న వాక్యాలు రాసేది. కష్టపడి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లలాగా. ఒక్క తప్పు లేకుండా రాసిన రోజున ఆ బండను ఊడవనివ్వలేదు. "రేపటిదాంక ఉండనియ్యే," అని ఆయాను బతిమాలింది.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చే రోజు వచ్చింది. ఆమె కోస్తా వైపు ఆవిడ, పొద్దుటి బండికి దిగింది. మనిషి మంచిది. ఇది రాయి, చెడ్డదని ఎవరూ అనుకోకూడదు. ఆపా ఆ రోజు చీకటితోనే లేచి వాడలు తిరిగింది. బడి నిండిపోయింది. తొట్లెలో ఇద్దరు పసివాళ్లు అటొకరు ఇటొకరు. పిల్లల తలలన్నీ నూనెతో నిగనిగలాడుతున్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎంతమంది పిల్లలండీ! నేను చూసిన బళ్లలో ఇంతమందిని ఎక్కడా చూళ్లేదు," అంది.

ఆపా తల వంచుకుని నవ్వింది. ఆమె అంత సంతోషంగా ఉండగా నేను చూడటం అదే ఆఖరు.

అన్ని తరగతులూ చూశాక నా గదిలోనే పిల్లలందరినీ కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టరమ్మ చాలా మర్యాదగా, "పెద్ద టీచరమ్మగారూ, మీరు ఒక వాక్యం బోర్డు మీద రాసి పిల్లలచేత చదివించండి," అంది. మేం అదే అడుగుతుందని ముందే అనుకున్నాం. వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాం. 'అమ్మ బావి నుంచి నీళ్లు తెచ్చింది.' ఆపా సుద్దముక్క తీసుకుని లేచింది. తడబాటు లేదు. నేరుగా బోర్డు దగ్గరికి నడిచింది.

నడిచి, కుడి చివరకు వెళ్లి నిలబడింది.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు కదా. పాతికేళ్లు ఆ మూలకు నడిచిన కాళ్లవి. నాతో కింద కూర్చుని నేర్చుకున్నప్పుడు చేయి మారింది గానీ, కాళ్లు మారలేదు. చిన్న బండ ముందు కూర్చుని రాసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నే రాలేదు, ముందున్నదంతా ఒక జానెడు జాగా. నిలబడి అంత పెద్ద బోర్డు మీద రాయడం ఎట్లా ఉంటుందో మా ఇద్దరికీ తట్టలేదు. కుడి అంచున 'అ' రాసింది. పక్కన 'మ్మ' రాసేసరికి ఒత్తు చెక్క చట్రానికి తగిలింది. ఇంక జాగా లేదు. ఆపా చేయి అక్కడే ఆగింది. ఏమైందో ఆమెకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. నాకు ఆ కొంతసేపు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

ముందు వరసలో గనుల వాడ పిల్ల ఒకతి, ఆపా రోజూ దాని చెల్లెలిని చంకనేసుకుని వచ్చేది, ఆ పిల్ల లేచి నిలబడి ప్రేమగా అరిచింది. "ఆపా, గీ దిక్కుకెల్లి! గీ దిక్కుకెల్లి రాయాలె!"

అందరూ నవ్వారు. పిల్లలు కదా, ఎగతాళి కాదు, నవ్వొచ్చి నవ్వారు. ఆపా కూడా నవ్వింది. అరచేత్తో ఆ అక్షరాలు తుడిచేసి, బోర్డు ముందు నుంచి ఎడమ చివరకు వచ్చింది. అక్కడ నుంచి మొత్తం వాక్యం రాసింది. ఒక్క తప్పు లేదు. పిల్లలు గొంతెత్తి చదివారు. చెప్పాలంటే ఆమె పరీక్ష నెగ్గింది.

ఇన్‌స్పెక్టరమ్మ లేచి వచ్చి ఆమె చేయి పట్టుకుంది. "చాలా బావుందండీ. ఈ వయసులో ఇంత కష్టపడి నేర్చుకున్నారు. ఇంక మీకెందుకండీ ఈ శ్రమ? పాఠాలూ, రాతపనులూ ఈ చిన్నావిడ చూసుకుంటుంది. ఇంటింటికీ తిరగడం కూడా హెడ్‌మిస్ట్రెస్‌కి బాగుండదు, ఆయా వెళ్తుంది. మీరు హాయిగా కుర్చీలో కూర్చుని అజమాయిషీ చెయ్యండి."

అంటూనే తను కూర్చున్న చేతుల కుర్చీని ఆయాతో వరండాలో వేయించి, ఆపాను తన చేత్తోనే కూర్చోబెట్టింది. గౌరవం చేశానని అనుకుంది. నిజంగా గౌరవంగానే చేసింది.

"అరె వా, ఆపాకు తఖ్తు దొరికింది!" అని లెక్కల టీచరమ్మ చప్పట్లు కొట్టింది. తఖ్తు అంటే సింహాసనం. నేను కూడా చప్పట్లు కొట్టాను.

మర్నాటి నుంచి ఆపా సర్కారు మాట జవదాటలేదు. టైముకు వచ్చి కుర్చీలో కూర్చునేది. ఆయా వాడల్లోకి పోయి, వీధి మొదట్లో నిలబడి, "బడీ... బడికి రావాలె..." అని కేకేసి వచ్చేది. కోమట్ల వీధి పిల్లలు వచ్చేవాళ్లు. గల్లీలోంచి కొందరు వచ్చేవాళ్లు. గనుల వాడ నుంచి రానురాను ఎవరూ రాలేదు. ఎట్లా వస్తారు, చంటివాళ్లను ఎవరు ఎత్తుకోవాలి? తొట్లె ఖాళీగా ఊగేది. ఆపా కుర్చీలో కూర్చుని దాన్ని చూసేది.

ఉర్దూ తరగతిలో మిగిలిన పిల్లలను కూడా వేరే బడికి పంపారు. ఇంక ఆమెకు చేయడానికి ఏమీ లేదు. నేను తరగతిలోంచి బయటికి వస్తే, "ఏమన్న గావాల్నా బిడ్డా?" అని అడిగేది. సుద్దలు తెచ్చిచ్చేది. కుండలో నీళ్లున్నాయో లేదో చూసేది. అది ఆయా పని కదా, ఆయాకు కోపం వచ్చేది. "నేనున్నగద ఆపా, మీరు కూసోండ్రి," అనేది. ఎవరి నోట విన్నా అదే మాట, కూసోండ్రి.

ఒక రోజు ఉండబట్టలేక అడిగాను. "ఇన్‌స్పెక్టరమ్మ చూస్తదా ఏంది? మీరు ఒక్కసారి గనుల వాడకు పోయి రండ్రి ఆపా."

"నక్కో, వద్దు బిడ్డా. నన్ను కూసోమన్నరు."

"కూసోమంటే కూసుంటరా?"

"సర్కారు నౌకరి చేసి చేసి వచ్చిన గుణం. నిలబడుమంటే నిలబడ్డ. తిరుగుమంటే తిరిగిన. కూసోమంటే కూసుంటున్న."

ఆ సంవత్సరం చలికాలం మొదలవుతుండగా ఆమె ముందస్తుగా ఉద్యోగం వదులుకుంటానని దరఖాస్తు పెట్టింది. ఇంకా ఆరేడేళ్లు ఉంది. ఊళ్లో తలా ఒకటి అన్నారు. తమ్ముడు పిలుస్తున్నాడన్నారు. బడికి తెలుగు వచ్చేసరికి భయపడిందన్నారు. కూర్చోబెట్టి జీతమిస్తుంటే వదులుకునే పిచ్చి ఏమిటన్నారు. లెక్కల టీచరమ్మ రొట్టె ముందు పెట్టుకుని చాలాసేపు తినలేదు. "నాకు గనక అట్ల కుర్చీ ఏస్తే గీడనే తెల్లారేదాంక కూసుంట. గామె పోతనంటున్నది," అంది. నన్ను చూసి, "నువ్వెందుకే ఏడుస్తున్నవ్? బడి చార్జి నీకేనట," అని కూడా అంది. మనసులో బాధ ఉన్నప్పుడు ఆమె నోరు అట్లాగే ఉండేది.

ఆ సాయంత్రం ఆపా ఇంటికి వెళ్లాను. వాకిట్లో కందిపప్పు చెరుగుతోంది. ఎట్లాగైనా ఆమెను పోనివ్వకూడదని వెళ్లాను. ఆమె పోతే గనుల వాడ పిల్లలు ఇంక రానే రారు, అది ఒకటి. నాకు ఆ ఊళ్లో ఆమె తప్ప ఎవరున్నారు, అది ఇంకొకటి.

"ఎందుకు పోతున్నరు ఆపా?"

"మోకాళ్లు నొస్తున్నయి."

"ఊరంత తిరిగినన్ని దినాలు నొయ్యలే. కూసున్నంక నొస్తున్నయా?"

"కూసుంటెనే నొస్తయి బిడ్డా," అంది.

చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "వాళ్లు నన్ను పో అంటే కొట్లాడేదాన్ని. నీకు రాదు, నువ్వు పనికి రావు అంటే, నేర్చుకొని చూపిచ్చేదాన్ని. చూపిచ్చిన గుడ. ఎవ్వరు ఏం అనలే. మంచిగ మాట్లాడి కుర్చీ ఏసిన్రు. మంచిగ మాట్లాడినోళ్ల తోటి ఎట్ల కొట్లాడాలె, చెప్పు?"

 మెల్లగా, "తొట్లె కట్టే ఉంది ఆపా," అన్నాను.

"విప్పెయ్యి. పాత చీర, చినుగుతది," అంది.

ఆఖరి రోజు పెద్దగా ఏమీ జరగలేదు. దండలు వద్దంది. ఉపన్యాసాలు వద్దంది. సాయంత్రం గంట కొట్టే ముందు తాళాలు నా చేతిలో పెట్టింది. నా తరగతి గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. కోమట్ల పిల్లలు, గల్లీ పిల్లలు, అంతా కలిపి మూడు వరసలు. "గింతమందేనా?" అంది. నన్ను అనలేదు, ఎవరినీ అనలేదు. ఆయా గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆపా బురఖా ముసుగు దించుకుని తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లిపోయింది.

చూడు బిడ్డా, మానేస్తానంటే నేను వద్దనను. కాళ్లు నొచ్చి మానేసేవాళ్లు ఉంటారు, అత్తకు భయపడి మానెయ్యని మా లెక్కల టీచరమ్మలాంటివాళ్లు ఉంటారు. నిద్ర కోసం, పిల్లల కోసం, ఊరికే విసుగొచ్చి, ఎవరి కారణం వాళ్లది. వాళ్ల గురించి నాకు దిగులు లేదు. కానీ పని అంటే ప్రాణమున్న మనిషి ముందుగా వెళ్లిపోతానందనుకో, ఆమె ఉద్యోగం వదిలిపెట్టేసరికే ఆమె పనిని ఎవరో మెల్లగా, నవ్వుతూ, చేతుల్లోంచి తీసేసుకుని ఉంటారు. మిగిలింది హాజరు వేయించుకోవడమే. ఆ మిగిలినదాన్ని భరించలేక వెళ్లిపోతుంది. మీ ఆఫీసులో కూడా అట్లాంటివాళ్లు ఉండే ఉంటారు, చూడు. మొన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే నాకు అది గుర్తొచ్చింది. నీకు అలసటా, లేక అదేనా? రాయకపోయినా ఫరవాలేదు, నీలో నువ్వు అనుకో.

ఇంక ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఆపా తాండూరు ఇల్లు ఖాళీ చేసి వికారాబాద్‌లో తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. కొన్ని నెలలకు, ఒక ఆదివారం ఆమెను చూడటానికి వెళ్లాను. తమ్ముడి దుకాణం వెనక గదిలో కాజాలు కుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆమె నా కోసం లేవడం నాకు నచ్చలేదు. చాయ్ తెప్పించింది. ఒక్కో పిల్ల గురించి అడిగింది. వాడవారీగా అడిగింది, తను తిరిగిన దారి వరసలోనే. గనుల వాడ దగ్గరికి వచ్చేసరికి నేను, "అందరు వస్తున్నరు ఆపా," అన్నాను.

"అబద్ధం ఆడకే. నీకు రాదు," అంది.

సాయంత్రం నేను తాండూరు బండెక్కాలి. వద్దన్నా వినకుండా స్టేషన్ దాకా నడిచింది. ప్లాట్‌ఫారం మీద పొలాల నుంచి వచ్చిన కందికాయల గంపలు, కొండమీది దవాఖానకు పోయే రోగులు, గోల గోలగా ఉంది. బండి వచ్చే లోపల చెప్పెయ్యాలని గబగబా అడిగేశాను.

"ఆపా, ఇప్పుడు మీకు నౌకరి లేదు. సర్కారు లేదు, ఇన్‌స్పెక్టరమ్మ లేదు. ఎవ్వరు కూసోమనరు. నా తోటి వచ్చి ఉండండ్రి. పొద్దుగాల ఇద్దరం కలిసి పోదం వాడలకు."

ఆమె కాసేపు పట్టాల వైపు చూసింది. నేను ఆశపడ్డాను. వస్తుందేమో అనుకున్నాను.

"నౌకరి ఉండంగనే గా పని నాది గాదన్నరు బిడ్డా," అంది. "ఇప్పుడు నేనెవరినని చెప్పి ఒకరి గడపల కూసోవాలె? నీళ్లియ్యుమంటే ఇస్తరు. నీళ్లు తాగినంక పిల్లను పంపుమని ఎట్ల అడగాలె?"

 బండి వచ్చింది. ఆడవాళ్ల పెట్టెలో తోసుకుని ఎక్కి, కిటికీలోంచి, "పోయొస్త ఆపా," అన్నాను.

"పో బిడ్డా. నువ్వు పొద్దుగాల్నే లేవాలె," అంది.

మర్నాడు ఆయాను బడిలో ఉండమని గనుల వాడకు నేనే వెళ్లాను. ఒక గడపమీద కూర్చుని మంచినీళ్లు అడిగాను. ఆ ఇంటావిడ నన్ను కిందికీ పైకీ చూసి, నీళ్లిచ్చి, ఆపా ఎప్పుడొస్తుందని అడిగింది. రాదని చెప్పాను. ఆ రోజు ఒక పిల్ల నా వెంట వచ్చింది. బోర్డు దగ్గర లేచి అరిచిన పిల్ల మాత్రం అప్పటికే తల్లితో గనికి పోతోంది. దాని గుడిసె ముందు నుంచే ఆ పైన చాలా ఏళ్లు పొద్దున్నే పిల్లల కోసం వెళ్లాను.